కాశిబుగ్గ మాటలతో నా డాక్టరేట్

వేరువేరు సంస్కృతుల్లో మనుషులు దిగులును ఎలా చెప్పుకుంటారన్నది నా పరిశోధన. విదేశాల్లో తయారై, పుస్తకాల తెలుగులోకి దిగిన ప్రశ్నావళి పట్టుకొని కాశిబుగ్గలో నేతపని చేసే ఇళ్ళకు వెళ్ళాను.

మొదటి ఇంట్లో ఒక పెద్దమ్మ నూలు కండెలు చుడుతోంది. భర్త పోయి ఆరు నెలలు.

"ఈ మధ్య మీరు నిరాశకు లోనయ్యారా?" అని చదివాను.

"గదేంది బిడ్డా? నాకు గసొంటియేం లెవ్వు."

'లేదు' దగ్గర టిక్కు పెట్టాను. అన్నిటికీ అదే జవాబు. లెక్క ప్రకారం ఆమె నిక్షేపంగా ఉంది. కాగితాలు సర్దుకుంటుంటే, చాయ్ ఇస్తూ తనే అంది: "పానం గుంజుతాంది బిడ్డా. బువ్వ తింటే మన్ను తిన్నట్టుంటాంది. ఏ పనీ మనసున పడ్తలేదు."

గ్లాసు పక్కన పెట్టి, ఆ మాటలు కాగితం వెనక రాసుకున్నాను. నేను అడిగిన తీరే తప్పు.

నా గైడ్‌కు ఈ సంగతి చెప్పి, ప్రశ్నలు మారుస్తానంటే, "ప్రపంచమంతా వాడేదాన్ని నువ్వు దిద్దుతావా?" అన్నారు. భయపడ్డాను, మానలేదు. నాలుగేళ్ళు కాశిబుగ్గ, పరకాల, స్టేషన్ ఘన్‌పూర్ తిరిగి, ఆడవాళ్ళ మాటలతోనే ప్రశ్నలు రాశాను.

వైవా అనే చివరి మౌఖిక పరీక్షకు ఎవరైనా రావచ్చు కాబట్టి పెద్దమ్మనూ పిలిచాను. ఇస్త్రీ చీర కట్టుకొని వచ్చి వెనక వరసలో కూర్చుంది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నా ప్రశ్నలు చూసి, "ఇవి ఊరి మాటలు. వీటితో మనోవ్యాధిని కొలవగలమా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ లేచింది.

"సారూ, జర నా ముచ్చటినుండ్రి. మొదలు ఈ బిడ్డ అడిగింది నాకు సమజ్ కాలే. మల్లొచ్చి 'పానం గుంజుతాందా పెద్దమ్మా' అన్నది. గప్పుడు ఏడ్సిన. దవాఖానకు తోల్కపోయింది. ఇగో, ఇప్పుడు మంచిగ తింటాన, పని చేసుకుంటాన."

ఆయన కళ్ళద్దాలు తీశారు. "బాధ గురించి ఇంకేమంటారమ్మా మీరు?" అని అడిగి, ఆమె చెప్పినవన్నీ రాసుకున్నారు. నాకు రావలసిన ప్రశ్నలు సగం ఆమెకే పోయాయి! డిగ్రీ ఇవ్వవచ్చని ఆయన ప్రకటించగానే మొదట చప్పట్లు కొట్టింది మా గైడే.

ఇప్పుడు చుట్టుపక్కల దవాఖానల్లో నర్సులు ఆ ప్రశ్నలే అడుగుతున్నారు. నేను పాఠాలు చెబుతున్నాను. మొన్న, ఉర్దూ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన నా విద్యార్థిని ఒకామె లేచి, "మేడమ్, మీ ప్రశ్నల్ల రెండు మా అమ్మకు పనిచెయ్యవు" అంది. గంటసేపు వాదించి గెలిచింది. బోర్డు మీద ఆ రెండూ నేనే కొట్టేశాను. నా ఉద్యోగంలో అంత సంతోషంగా పాఠం ముగించిన రోజు ఇంకొకటి లేదు.