ఫ్రేము కొరికే మామయ్య

లోకంలో బంగారం కొరికి చూసేవాళ్లున్నారు, నాణెం కొరికి చూసేవాళ్లున్నారు. పాత మోటారుసైకిలును కొరికి చూసేవాడు మాత్రం మెకానిక్కు మేనమామ ఒక్కడే. బండి ముందు గొంతుక్కూర్చుని, ఫ్రేము గొట్టాన్ని పళ్లతో పట్టి, తాళంచెవితో టంగున కొట్టి, ఆ మోత దవడలోంచి చెవికెక్కేదాకా అలాగే ఉండిపోతాడు. ఆనక తల అడ్డంగా ఊపుతాడు. "అసలుది కాదు."

ఆయన లెక్కలో ఏదీ అసలుది కాదు. కురిసే వాన నిన్నటి మిగులు. పెళ్లికి ముందు అత్తయ్యను చూసినప్పుడు కూడా "జడ అసలుదేనా?" అన్నాడట.

"ఆ నోటికి శాస్తి జరిగింది. ఇప్పుడాయన పళ్లే అసలువి కావు!" అని అత్తయ్య దెప్పుతుంది.

ఏ ఏడాదికో ఒకసారి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" పడితే చాలు, పాత బళ్లు పోగుచేసే పెద్దమనిషి కళ్లు మూసుకుని కొనేస్తాడు.

ఈసారి ఆ "ఊఁ" మెకానిక్కుకే కావలసి వచ్చింది. షాపులో పని లేక రెంచీలు తుప్పు పడుతున్నాయి. పెద్దమనిషి బండి కొంటే బాగుచేసే పని తనది. లేకపోతే షట్టరు దించుకోవడమే.

ముసురు పట్టిన రోజున ముగ్గురూ పాత బండి అమ్మకానికి ఉన్న ఒక ఇంటికి వెళ్లారు. ఇంటాయన పోయి ఏడాది కాలేదు. రేకుల షెడ్డులో బండి, రేకులపైన ధారగా పడే వాన చప్పుడు. బేరం కొడుకుది. ఇంటావిడ "నీ ఇష్టం నాయనా" అనేసి గడప దగ్గర నిలబడింది.

మెకానిక్కు కిరసనాయిలు గుడ్డతో హ్యాండిల్ కింద తుడిచాడు. ఫ్రేము నంబరులో ఎనిమిది కాస్త పక్కకు ఒరిగి ఉంది, కంపెనీలో చేత్తో కొట్టిన అచ్చు. గొట్టాల అతుకులు ఇత్తడివి. ఎవరూ ముట్టుకోని ఫ్రేము! వాడి ప్రాణం లేచొచ్చింది.

మామయ్య కొరికాడు. ఎంతకీ వదలడు.

"ఈయనకు పొద్దున ఎవరూ ఏమీ పెట్టలేదా?" అన్నాడు కొడుకు.

"అసలుది కాదు," అన్నాడు మామయ్య.

పెద్దమనిషి గొడుగు తెరిచి వెళ్లిపోయాడు. ఇంటావిడ గడప మీదే చతికిలబడింది.

దారిలో మెకానిక్కు భగ్గుమన్నాడు. "నా పొట్ట కొట్టావు కదా మామయ్యా! ఆ ఎనిమిది చూశావా?"

"చూశాను. నువ్వు సీటు చూశావా?"

"సీటుకేం?"

"బండి నిండా వేలెడు దుమ్ము. సీటు వెనక సగం మీద మాత్రం లేదు. నున్నగా మెరుస్తోంది."

"అయితే?"

"అయితే ఏంట్రా మొద్దూ! స్టాండు మీదున్న బండి ఎక్కి ఆవిడ రోజూ కూర్చుంటోంది. ముందు సీటు ఆయనకి వదిలేసి."

వాన పెరిగింది.

"ఆ మాట కొడుక్కి చెప్పొచ్చుగా?"

"ఆవిడ దాచుకున్నది నేను దండోరా వెయ్యనా?"

"మరి ఇన్నాళ్లూ ఆ కొరకడం..."

"పళ్లు కట్టించుకున్నాక ఏం వినిపిస్తుందిరా! నంబరు చూస్తే సంగతి తెలిసిపోతుంది. నోట్లో గొట్టం ఉంటే ఎవడూ పలకరించడు. ఆ కాస్సేపూ ఇంట్లోవాళ్ల మొహాలు చూసుకోవచ్చు."

కొన్నాళ్లకు ఇంటావిడ షాపుకొచ్చింది. వెనక కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టు విరిగిపోయిందట.

"కింద పీట వేసుకుంటున్నా బాబూ. ఎక్కడం కష్టంగా ఉంది," అంది, నేల చూస్తూ.

అలాంటిది ఎక్కడా దొరకదు. మెకానిక్కు ఇనుపకడ్డీ వంచి, అరగదీసి, కొత్తది తయారుచేశాడు. షాపును నిలబెట్టేంత పనేం కాదు. షెడ్డులో దాన్ని బిగిస్తుంటే మామయ్య చటుక్కున వంగి, కళ్లు మూసుకుని కొరికి, తాళంచెవితో టంగున కొట్టాడు.

"అది అసలుది కాదు మామయ్యా! నిన్న నేను చేసింది!"

మామయ్య కళ్లు తెరవలేదు.

"ఊఁ," అన్నాడు.