నాలుగు వారాలు మొదటి ప్లేటు నాకే వచ్చింది

సెప్టెంబరు మూడవ ఆదివారం, ఉదయం ఐదు గంటల యాభై నిమిషాలు. రాత్రి కురిసిన వాన వెలిసి అరగంటయింది. ఉష్ణోగ్రత ఇరవై రెండు డిగ్రీలు, గాలి లేదు. ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ వైపు ఎక్కే రోడ్డు మీద, ఆరేళ్లుగా ప్రతి ఆదివారం ఆగకుండా ఎక్కిన చోట, నా కాళ్లు ఆగిపోయాయి. నొప్పి లేదు. చెమట మామూలే. ఎవరో వెనక నుంచి నడుము పట్టి ఆపినట్టు అనిపించింది. ఎదుటి వీధిదీపం ఒక్క క్షణం ఆరి మళ్లీ వెలిగింది. దీపం ఆరలేదని పక్కన పరిగెత్తుతున్నవారు చెప్పారు.

వాచీ చూసుకున్నాను. గుండె వేగం నిమిషానికి 68 అని ఉంది. ఆ ఎత్తు మీద నాకు ఎప్పుడూ 130 దాకా ఉంటుంది. పట్టీ వదులైందనుకుని ఒక రంధ్రం బిగించాను. ఆ తరువాత జరిగినదంతా ఆ పట్టీ బిగించిన క్షణం నుంచే లెక్కవేయాలి.

అప్పటికి నా వయసు అరవై ఆరు. ముప్పై నాలుగేళ్లు సినిమాలకు ఎడిటర్‌గా పనిచేశాను. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు. వాటిలో నాలుగు అటూ ఇటూ అయినా తెర మీద పెదవి ఒకటి పలుకుతుంది, చెవికి మరొకటి వినిపిస్తుంది. ఆ వృత్తి వల్ల అంకె లేని మాటను నమ్మని అలవాటు స్థిరపడింది. పని మానేశాక మా కాలనీవారు నడుపుకొనే రన్నింగ్ క్లబ్‌లో చేరాను. మొత్తం ఇరవై రెండు మందిమి. కెప్టెన్ నర్సింగ్, యాభై ఏళ్ల మనిషి; ఒకప్పుడు ఫైట్ సీన్లలో హీరోలకు డూపుగా దూకినవాడు, ఇప్పుడు వ్యాయామం నేర్పుతున్నాడు.

మా క్లబ్‌కు రెండు ఆచారాలు ఉండేవి. రేసులో మావాళ్లందరూ గీత దాటేదాకా ఎవరూ టిఫిను ముట్టరాదు. ఇది మొదటిది. ఆదివారం పరుగు ముగిశాక షేక్‌పేట పాత వీధిలోని ఇడ్లీ బండి దగ్గర చేరతాం కదా, అక్కడ ఆ వారం ఎవరి రెస్టింగ్ పల్స్ అందరికన్నా తక్కువో వారికే మొదటి ప్లేటు. ఇది రెండవది. నిద్ర లేచినప్పటి పల్స్ తగ్గడం పరుగు సాధన చేసేవారికి గర్వకారణం. గుండె బలపడిందని దానికి అర్థమని మేమంతా చదువుకున్నాం.

నాది ఆగస్టు మొదట్లో 56. ఆగస్టు చివరికి 50. సెప్టెంబరులో 46, ఆపైన 42. నాలుగు వారాలు వరుసగా మొదటి ప్లేటు నాకే వచ్చింది.

"ఏంది మూర్తి సార్, ఈ వారం గూడ మీరేనా? అది గుండెనా, గవర్నమెంటు ఆఫీసా? గింత నిదానంగ కొట్టుకుంటది!" అన్నాడు నర్సింగ్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ప్లేటు అందుకుని.

మా ఫ్లాటు మూడవ అంతస్తులో. లిఫ్టు వాడకూడదని నేనే పెట్టుకున్న నియమం. ఆ రోజుల్లో రెండవ అంతస్తు దగ్గర ఆగి గోడకు చెయ్యి ఆనించడం మొదలైంది. నా భార్య శారద పైనుంచి తొంగిచూసింది.

"ఏవండీ, అక్కడ నిలబడి ఎవరికోసం చూస్తున్నారు?"

"పల్స్ 42, శారదా. పాతికేళ్ల కుర్రాడి గుండె."

"అయితే ఆ పాలప్యాకెట్లేవో ఆ కుర్రాడి చేతికిచ్చి పంపండి. ఇక్కడ కాఫీ ఆగిపోయింది."

వాచీ మీద అనుమానం తీరక కొత్తది కొన్నాను. ఎత్తు మీద అది 66 చూపించింది. రెండు వాచీలు ఒకే మాట చెబితే అది నిజమని నా లెక్క. అంకె నిజమే కూడా. మరో అంకె సైతం నా ఫోనులోనే ఉంది: కిలోమీటరుకు ఏడు నిమిషాలు పట్టేది, ఎనిమిదిన్నర పడుతోంది. దానికి వానాకాలపు ఉక్క కారణమని తీర్పు చెప్పుకున్నాను. పల్స్ ఒక పేజీలో, వేగం మరొక పేజీలో ఉండిపోయాయి. రెండు రీళ్లు పక్కపక్కన పెట్టి చూడడమే వృత్తిగా బతికినవాడిని, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టలేదు.

నవంబరు రెండవ ఆదివారం నగరంలో పది కిలోమీటర్ల రేసు. మా ఇరవై రెండు మందిమీ బయలుదేరాం. మావాళ్లలో చివర ఎవరుంటే వారి వెనక నర్సింగ్ పరిగెత్తుతాడు; ఎవరినీ వదిలి ముందుకు పోడు. ఆ రోజు మొదటిసారి ఆ చివరి మనిషిని నేను. ఏడవ కిలోమీటరులో ఫ్లైఓవర్ ఎక్కుతున్నాం.

"సార్, జర నడవుండ్రి. తొందరేం లేదు."

"వాచీలో 38 ఉంది నర్సింగ్. నాలో ఇంకా సత్తువ..."

వాక్యం పూర్తి చేశానో లేదో తెలియదు. తరువాత తెలిసింది చెంపకు రోడ్డు చల్లగా తగలడం, మీద నర్సింగ్ ముఖం. "సార్! కండ్లు తెరువుండ్రి! ఓ అంబులెన్స్, గిటు రాండ్రి, జల్ది!" సుమారు పది సెకన్లు స్పృహ లేదని అతడు చెప్పాడు. నన్ను అంబులెన్స్ ఎక్కించాకే అతడు మిగిలిన దూరం పూర్తి చేశాడు. మోకాలు, మోచెయ్యి చెక్కుకుపోయాయి.

ఎమర్జెన్సీలో ఈసీజీ తీశారు. కార్డియాలజిస్టు నలభై ఏళ్ల లోపు ఆవిడ. కాగితం చూస్తూనే, ఎంత కాలంగా ఇలా ఉందని అడిగారు.

"రెస్టింగ్ పల్స్ మూడు నెలల్లో 56 నుంచి 38కి తెచ్చానండీ," అన్నాను.

"మీరు తేలేదండీ. అదే పడిపోయింది."

ఆవిడ కాగితం నా వైపు తిప్పారు. "ఇవి పీ వేవ్స్. మీ గుండె పై గదులు నిమిషానికి 84 సార్లు కొట్టుకుంటున్నాయి. ఇవి క్యూఆర్ఎస్. కింది గదులు 34. పైనుంచి కిందికి సిగ్నల్ చేరడం లేదు. ఎవరి దారి వారిది. కంప్లీట్ హార్ట్ బ్లాక్ అంటాం."

"అంటే బొమ్మ ఒక వేగంతో, సౌండు ఒక వేగంతో పోతున్నాయి."

"అంతే. సింక్ పోయింది."

"మరి అథ్లెట్ల గుండె కూడా నిదానంగానే..."

"అథ్లెట్ గుండె కూర్చున్నప్పుడు నిదానిస్తుంది, పరిగెత్తితే పుంజుకుంటుంది. మీది ఫ్లైఓవర్ ఎక్కుతున్నా 38 దగ్గరే ఉంది. ఆ తేడా మీ వాచీకి తెలియదు, మనకు తెలియాలి."

రక్తపరీక్షలు, ఎకో, యాంజియోగ్రామ్ చేశారు. రక్తనాళాల్లో అడ్డు లేదు, కండరం బాగుంది. లోపం విద్యుత్ సంకేతం నడిచే దారిలో. ఆ మధ్యాహ్నమే, గుండెను తాత్కాలికంగా సరైన వేగంతో కొట్టించే టెంపరరీ పేసింగ్ వైరు వేశారు. మరునాడు ఎడమ భుజం కింద, పై గదులనూ కింది గదులనూ కలిపి నడిపే డ్యూయల్ ఛాంబర్ పేస్‌మేకర్ అమర్చారు.

అమర్చకముందే, రేసు రోజు సాయంత్రం, ఐదు నిమిషాల పాటు నర్సింగ్‌ను లోపలికి రానిచ్చారు.

"మనోళ్లందరు బయటనే ఉన్నరు సార్. సెక్యూరిటీ ఆయన లొల్లి వెడుతుండు."

"టిఫిను చేశారా?"

"ఎట్ల జేస్తం? అందరు చేరలే గద. రూలు రూలే."

సాయంత్రం ఐదింటిదాకా ఇరవై ఒక్కమంది ఆకలితో కూర్చున్నారు. వెంటనే తినమని, ఇది నా ఆజ్ఞ అని చెప్పి పంపాను. వెళ్లేముందు ఫలితాలు చూపించమంటే ఫోను వీపు వెనక దాచుకున్నాడు. తీసుకుని చూశాను. మా క్లబ్ పేరు కింద ఇరవై ఒక్క సమయాలు, ఒక డీఎన్ఎఫ్. పూర్తి చేయలేదని అర్థం. క్లబ్ పుట్టిన నాటి నుంచి మావాళ్లలో ఎవరి పేరు పక్కనా ఆ మూడు అక్షరాలు లేవు. మరుసటి ఏడు ఆ పట్టికలో అవి ఉండకూడదని ఆ మంచం మీదే నిశ్చయించుకున్నాను.

"ఇంక పరుగులూ వద్దు, గిరుగులూ వద్దు," అంది శారద, నేనేమీ అనకుండానే.

ఇంటికి వచ్చిన రోజు లిఫ్టు పనిచేయలేదు. నెమ్మదిగా మెట్లెక్కాం. రెండవ అంతస్తు దగ్గర శారద ఆయాసపడి ఆగింది. నేను ఆగలేదు. మూడు నెలల తరువాత మొదటిసారి ఆగలేదు.

ఆరు వారాలు ఎడమ చెయ్యి భుజం కన్న పైకి ఎత్తకూడదన్నారు. చొక్కా శారదే తొడిగేది. ఫోను కుడి చెవికే. గాయం మానాక, జనవరిలో నడక. మార్చిలో డాక్టరు అనుమతితో నిదానపు పరుగు. కిలోమీటరుకు తొమ్మిది నిమిషాలు. అయినా పరుగే.

ఏప్రిల్‌లో దెబ్బ తగిలింది. అదే ఎత్తు, అదే రోడ్డు. వాచీ 120 దాకా వెళ్లి, హఠాత్తుగా 64కి జారింది. కాళ్లు మళ్లీ సీసంలా బరువెక్కాయి. నర్సింగ్ ఆటోలో ఇంటికి తెచ్చాడు. మరునాడు బూట్లు అటక మీద పెట్టేశాను. యంత్రం కూడా పోయిందని, ఇక ఇంతేనని అనుకున్నాను. మూడు రోజులు గడప దాటలేదు. నాలుగవ రోజు శారద కాఫీ ఇస్తూ అడిగింది:

"ఆ 64 సంగతి డాక్టరమ్మకి చెప్పారా, మళ్లీ పట్టీ బిగించుకున్నారా?"

ఈసారి రెండు గీతలూ, పల్స్‌దీ వేగానిదీ, ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి అమర్చి తీసుకువెళ్లాను. డాక్టరు చూసి నవ్వారు. "ఇది పేస్‌మేకర్ పాడవడం కాదు. ఇంట్లో కూర్చునే పెద్దమనిషికి తగినట్టు అప్పర్ రేట్, అంటే అది వెళ్లగల గరిష్ఠ వేగం, 120 దగ్గర పెట్టి ఉంది. మీరు అది దాటి పోతుంటే అది ఒక బీట్ వదిలేసి ఒకటి అందుకుంటోంది." నన్ను ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ, ప్రోగ్రామర్ అనే యంత్రంతో సెట్టింగులు మార్చారు. 125. 131. 136. పడలేదు.

"రేసులో పాల్గొనవచ్చా?" అన్నాను.

"పరిగెత్తడానికే పెట్టాను, షోకేసులో ఉంచుకోవడానికి కాదు. కానీ ఎవరితోనూ పంతాలు వద్దు. ఒంటరిగా అసలు వద్దు."

"ఒంటరిగా వెళ్లరు లెండి. నేనూ పేరిస్తున్నాను," అంది నాతో వచ్చిన శారద.

ఆమెకు అరవై రెండేళ్లు. అంతకుముందు బూట్లు తొడుక్కున్నది లేదు. "పరిగెత్తను, నడుస్తాను. రెండు గంటల్లో రావాలంటగా, వస్తాను," అంది. మే నుంచి అక్టోబరు దాకా రోజూ నడిచింది. నడకలో నా తప్పులు కూడా చెప్పేది.

మళ్లీ నవంబరు రెండవ ఆదివారం. పదిహేడు డిగ్రీలు, పలచని మంచు. క్లబ్ నుంచి ఈసారి ఇరవై ముగ్గురం. ప్రారంభ గీత దగ్గర శారదతోపాటు నడుస్తానన్నాను.

"అక్కర్లేదు. నాకోసం ఆగారంటే ఇంటికొచ్చాక మీతో మాట్లాడను."

క్లబ్‌లోని ఇద్దరు లాయరు సోదరులు నాకు అటూ ఇటూ పరిగెత్తారు. ఏడవ కిలోమీటరు, ఫ్లైఓవర్. 128. 131. 134. అక్కడే ఉంది. కిందటేడు పడిన చోట తెల్లగీత తప్ప మరేమీ లేదు. దాటిపోయాను. ఒక గంట ఇరవై నాలుగు నిమిషాలకు ముగింపు గీత నా వెనక్కి వెళ్లింది. పతకం మెడలో వేసిన అమ్మాయి, "కంగ్రాట్స్ తాతగారూ," అంది. పతకం చొక్కాలోకి తోసి, వెనక్కి తిరిగి గీత పక్కన నిలబడ్డాను.

శారదా, ఆమె వెనకే పరిగెత్తాల్సిన నర్సింగూ ఇంకా రాలేదు. మా వాళ్లెవరూ టిఫిను మాట ఎత్తలేదు. గంటా నలభై. గంటా యాభై. రెండు గంటలు దాటితే ఆమె పేరు పక్కన ఆ మూడు అక్షరాలే పడతాయి. నా గుండె ఎంతుందో ఆ కాసేపు చూసుకోలేదు.

మలుపులో ముందు నర్సింగ్ కేక వినిపించింది.

"అమ్మా, జర జల్ది! ఆరు నిమిషాలే ఉన్నయ్!"

"తొందరపెట్టకు నాయనా. నా లెక్క నాకుంది."

గంటా యాభై ఆరు నిమిషాలకు గీత దాటింది. నర్సింగ్ మర్యాదకు ఒక అడుగు వెనక ఉండి, తానూ దాటాడు. ఇడ్లీ బండి దగ్గర మొదటి ప్లేటు శారదకు ఇచ్చారు. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన నెలలోనే నర్సింగ్ పాత ఆచారం రద్దు చేసి, అది చివర చేరినవారికని మార్చాడు. ఆమె ఒక ముక్క తిని, "చట్నీలో ఉప్పెక్కువైంది," అని రెండో ప్లేటు అడిగింది.

ఇప్పుడు వారానికి మూడు రోజులు పరిగెత్తుతున్నాను. ఆరు నెలలకొకసారి పేస్‌మేకర్ చెక్ ఉంటుంది. యంత్రం నా పల్స్‌ను 60 కన్న దిగనివ్వదు కనుక పాత ఆచారం ప్రకారమైనా నాకు మొదటి ప్లేటు ఇక రాదు. మా క్లబ్‌లో పల్స్ 50 కన్న తగ్గినవారు ఇప్పుడు ఈసీజీ తీయించుకుంటారు. ఇప్పటికి ముగ్గురు తీయించుకున్నారు. ఇద్దరిది సాధన వల్ల వచ్చిన తగ్గుదలేనని తేలింది. మూడవవారికి థైరాయిడ్ మందు మొదలైంది.

చదివేవారికి నేను చెప్పదగినది ఒక్కటే. మీ పల్స్‌ను ఒంటరిగా చూడకండి, మీ వేగం పక్కన పెట్టి చూడండి. పల్స్ తగ్గి వేగం పెరుగుతుంటే సంతోషించండి. పల్స్ తగ్గి, వేగమూ తగ్గి, మెట్ల మీద ఆగవలసి వస్తుంటే, పట్టీ బిగించకండి. ఆ రోజే వెళ్లి ఈసీజీ తీయించుకోండి.

ఆ ఆదివారం మా క్లబ్ నుంచి బయలుదేరినవారు ఇరవై ముగ్గురు. చేరినవారు ఇరవై ముగ్గురు.