మీ నాయనది ఏ గని?

తెలంగాణ రాకముందు మాట. గోదావరిఖనిలో సినిమా వేసే వీడియో బస్సెక్కి అతను ముందు సీట్లో, నేను వెనక సీట్లో కూర్చున్నాం. ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకోవడానికి వెళ్తున్నాం; మా కులాలు వేరు. దిగేదాకా ఒకరికొకరం తెలియనట్టే ఉండాలనుకున్నాం. మా బొగ్గుగనుల ఊళ్లలో పక్కన కూర్చున్నవాళ్లు మొదట అడిగేది ఒకటే: మీ నాయనది ఏ గని, ఏ షిఫ్టు? ఆ రెండూ చెబితే చాలు, మొదటి షిఫ్టు దిగేలోపు కబురు ఇంటికి చేరుతుంది.

నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. అబద్ధపు గని పేరొకటి సిద్ధంగా పెట్టుకున్నాను. ఆమె మాత్రం టీవీలో పాత హిందీ సినిమా చూస్తోంది. అందులో పెద్దింటి అబ్బాయి, తక్కువ కులమని ఊరు దూరం పెట్టిన అమ్మాయి ప్రేమించుకున్నారు.

"ఆఖర్ల ఒక ముసలాయన వస్తడు సూడు," అంది. "ఈ పిల్ల మీ కులంలనే పుట్టింది, చిన్నప్పుడు తప్పిపోయిందంటడు. అప్పుడు లగ్గానికి ఒప్పుకుంటరు. మా లగ్గమప్పుడు గట్ల చెప్పెటోడు ఎవ్వడు రాలే బిడ్డా. అయినా బతికినం."

బస్సు ఆగినప్పుడల్లా అతను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. పెద్దపల్లిలోనూ చూశాడు. ఆమె సంచి తీసుకుని లేచింది. దిగిపోతుందనుకున్నాను. నేరుగా అతని దగ్గరికి వెళ్లింది.

"నువ్వు ఎన్కకు పో కొడుకా, మెడ నొస్తది," అని అతని సీట్లో కూర్చుంది.

కరీంనగర్ దాకా ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఏ గని అని అడగలేదు. అడిగుంటే నిజమే చెప్పేదాన్ని.