ఎర్ర సున్నా చుట్టిన ఇల్లు

"భూమేం రబ్బరు కాదమ్మా, లాగితే సాగడానికి!"

ముప్పై ఏళ్లుగా నర్సమ్మ గడప గడపకీ వెళ్లి చెప్పిన మాట ఇది. చంకలో కుటుంబ నియంత్రణ బొమ్మల అట్ట, చేతిలో గర్భిణుల రిజిస్టరు. మూడో కాన్పు అని రాసున్న పేరు కనిపిస్తే ఎర్ర పెన్సిలుతో చుట్టూ సున్నా చుట్టేది. సున్నా పడ్డాక ఆ ఇంటికి ఆమె రాక తప్పదు. తలుపులు వేసుకున్నా లాభం లేదు, కిటికీలోంచి చెప్పేది.

ఆమె మాటలో బూటకం లేదు. ఒకే మంచం మీద ఇద్దరు బాలింతల్ని సర్ది, మధ్యలో దిండు అడ్డం పెట్టిన చేతులవి. ఇద్దరు పట్టే బడి బల్ల మీద నలుగురు ఒదగడం, కుళాయి దగ్గర బకెట్ల వరస వీధి మలుపు దాటడం రోజూ చూస్తున్న కళ్లవి. "లోకం సంగతి పేపరువాళ్లు చూసుకుంటారు. నా వీధి ఒక్కటే ఇలా ఉంటే లోకం ఎలా ఉండాలి?" అనేది.

ఆ బుధవారం రిజిస్టరులో చిన్న నర్సు చేతిరాతతో ఒక కొత్త పేరుంది. మూడో కాన్పు, మూడో నెల. కుట్టుమిషనావిడ ఇంట్లో అద్దెకుంటోందట. సున్నా పడింది. మధ్యాహ్నం నర్సమ్మ మోకాళ్లను బతిమాలుకుంటూ మూడంతస్తులు ఎక్కింది.

తలుపు తీసిన కుట్టుమిషనావిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. లోపల గుడ్డముక్కల మధ్య నర్సమ్మ కోడలు కూర్చుని ఉంది.

"నువ్విక్కడేం చేస్తున్నావే? సరేలే, నీతో తర్వాత మాట్లాడతా. అద్దెకున్నావిడేదీ? పిలవండి" అని నర్సమ్మ ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, బొమ్మల అట్ట విప్పింది.

కుట్టుమిషనావిడ వెళ్లి మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది.

"సిగ్గెందుకూ, రమ్మనండి. నేనేమన్నా కొరుకుతానా?"

"నేనే అత్తయ్యా" అంది కోడలు.

నర్సమ్మ రిజిస్టరు వంక చూసింది, కోడలి వంక చూసింది, మళ్లీ రిజిస్టరు వంక చూసింది. ఇందాక పట్టించుకోని సంతకం కోడలిదే.

"మావాడికి తెలుసా?"

"పేరు మార్చి రాయించిందే మీ అబ్బాయి. అమ్మ ముందు నోరెత్తే ధైర్యం నాకు లేదన్నాడు."

"వాడికెప్పుడుందిలే!" అనేసి నాలుక కరుచుకుంది నర్సమ్మ.

కోడలు నవ్వలేదు. "మీరు వద్దంటే నేను కాదనలేను అత్తయ్యా. పెద్దదాని పురిటికి పక్కనే నించుని నన్ను బతికించారు. అందుకే మీకు తెలియకూడదనుకున్నా. ఎలాగూ వచ్చారు. అందరికీ చెప్పేదే నాకూ చెప్పండి, వింటాను."

అట్ట మీద మొదటి బొమ్మలో చిన్న ఇల్లు, నిండా పిల్లలు. చెప్పాల్సిందంతా నర్సమ్మకి కంఠతా వచ్చు. కానీ ఎదురుగా ఉన్నది బొమ్మ కాదు. గుడ్డముక్కని వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి, తన మాట కోసం కాసుకుని కూర్చున్న మనిషి. నర్సమ్మ అట్ట మూసింది.

"నీకు కావాలా?"

"కావాలి" అంది కోడలు. ఆ ఒక్క మాటకే కళ్లు నిండాయి.

"అయితే ఉండనీ. కుళాయి దగ్గర వరసలో నేను నించుంటా."

అంతసేపూ తిరుగుతున్న కుట్టుమిషను ఆగింది.

"నర్సమ్మగారూ, పన్నెండేళ్ల కిందట మీరే నా చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి ఆపరేషను చేయించారు. మంచికే చేశారు, కాదనను. ఇద్దర్నీ చదివించుకోగలిగాను. కానీ 'నీకు కావాలా' అని మీరు నన్ను అడగలేదు."

"అడిగుంటే ఏమనేదానివి?"

"ఏమో. అడగలేదుగా, ఆలోచించలేదు." కుట్టుమిషనావిడ దారం పంటితో తెంపి మళ్లీ బట్ట మీదికి వంగింది.

ఇన్నాళ్లూ చెప్పిన మాట మీద నర్సమ్మకి నమ్మకం పోలేదు. కిటికీలోంచి కుళాయి వరస కనిపిస్తూనే ఉంది, మలుపు దాకా. అయినా రిజిస్టరు తెరిచి దొంగపేరు కొట్టేసి కోడలి అసలు పేరు, పక్కన తన ఇంటి నంబరు, రేపు చిన్న నర్సు చదివేలా పెద్ద అక్షరాలతో రాసింది.

"పద" అంది కోడలితో. "మెట్లు ఎత్తుగా ఉన్నాయి. నా భుజం పట్టుకో."