ఉనైసి కాపీ మిషను

దీవి పట్టణం లంబాసాలో ఒక ఆఫీసుకు కొత్త యంత్రాలు వచ్చాయి. పాతవి అమ్మేస్తామని నోటీసు బోర్డు మీద జాబితా అంటించారు. పన్నెండు కంప్యూటర్లు, మూడు ప్రింటర్లు, ఇనుప బీరువాలు, కాలు విరిగిన కుర్చీలు, ఒక కాపీ మిషను. అన్నీ ఉన్నవి ఉన్నట్టుగానే, కొన్నాక మొర వినేవాడు ఉండడు. జాబితాలోకెక్కని పాత సామాను ఇంకొకటి ఉంది. ఆమె పేరు ఉనైసి. పంతొమ్మిదేళ్ళు ఆ కాపీ మిషను పక్కనే నిలబడ్డ మనిషి. కొత్త మిషను తన పని తానే చేసుకుంటుందని ఆమె ఉద్యోగం తీసేశారు.

ఉనైసి ఏడుస్తూ కూర్చోలేదు. కోర్టు వరండాలో ఒక మూల బల్ల వేసుకోవడానికి అనుమతి సంపాదించింది. ప్రమాణపత్రానికైనా, చెరకు పొలం కౌలు కాగితానికైనా నకలు లేనిదే కోర్టులో పని జరగదు. ఆ మిషను ఒక్కటి చేతికొస్తే మొగుడు పోయిన ఇల్లు ఒడ్డెక్కుతుంది, ఇద్దరు ఆడపిల్లల చదువు ఆగదు. పైగా దాని గుణం తెలిసింది ఆమెకే. కింద కాగితాలు పెట్టే అరను మోకాలితో కాస్త ఎత్తి పట్టాలి. లేకపోతే మొండికేస్తుంది.

ఎవరి ధర వాళ్ళు కవర్లో పెట్టి, అతికించి, టెండరు పెట్టెలో వెయ్యాలి. ఉనైసి కవరును నమ్ముకోలేదు, యంగోనాను నమ్ముకుంది. ఒక కట్ట యంగోనా వేళ్ళు కొని, అన్న తానియేలాను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. తానియేలా చాప మీద కూర్చుని కట్టను ముందుంచాడు. ఆ వేళ్ళ కట్ట అందుకుని, వాటి రసం తాగితే అడిగిందానికి మాటిచ్చినట్టే.

"మా చెల్లి కోసం అడుగుతున్నా. ఆ మిషనుకు మీరెవరూ కవరు వెయ్యకండి" అన్నాడు.

అందరి తరఫునా ఆ కట్ట అందుకున్నవాడు హెడ్ గుమాస్తా ఇసికేలి. ఒప్పుకున్న గుర్తుగా దోసిలి గుల్లచేసి చప్పట్లు కొట్టాడు. వేళ్ళు దంచి నీళ్ళలో కలిపాక కొబ్బరి చిప్పతో మొదట తాగిందీ అతడే.

"ఇక అది నీదే అనుకో అక్కా. దాన్ని నువ్వు తప్ప ఎవరు భరిస్తారు?" అన్నాడు.

"మరి నన్నెవరు భరిస్తార్రా?" అంది ఉనైసి. అందరూ గొల్లుమన్నారు.

ఆమె గుండె నిబ్బరపడింది. చిప్ప తాగి మాట తప్పినవాణ్ణి ఆమె ఎరగదు. కవర్లో నూరు డాలర్లు రాసి, మిగిలిన డబ్బుతో కాగితాల కట్టలు కొనేసింది. ఎంత అమాయకురాలు అంటారేమో. మా దగ్గర దాని పేరు అమాయకత్వం కాదు, మర్యాద.

పెట్టె తెరిస్తే ఆ మిషనుకు రెండు కవర్లున్నాయి. రెండోది నూటయాభై. పేరు ఇసికేలి పెళ్ళానిది.

"చిప్ప తాగింది నువ్వేగా ఇసికేలీ?" అంది ఉనైసి.

"నేను వెయ్యలేదుగా అక్కా! మా ఆవిడ వేసింది. ఆవిడ ఈ ఆఫీసు మనిషి కాదుగా."

పంతొమ్మిదేళ్ళు ఉనైసి ఉడకబెట్టి తెచ్చిన చేమదుంపలు తిన్న నోరది. పరాయివాడు ముంచితే ఇంత నొప్పి ఉండేది కాదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఇసికేలి తానియేలా ఇంటికొచ్చాడు. మిషను తేలేదు. క్షమించమని మొదటిదానికి రెండింతల యంగోనా కట్ట తెచ్చాడు.

"తీసుకోవద్దన్నా!" అని అరిచింది ఉనైసి వంటింట్లోంచి.

తానియేలా అటు తిరిగి చూడకుండానే చప్పట్లు కొట్టి కట్ట అందుకున్నాడు. "కట్ట పట్టుకుని గుమ్మంలోకొచ్చినవాణ్ణి తిప్పి పంపితే ఊళ్ళో తలెత్తుకోగలమా?"

"మరి నా తల?"

చిప్ప ఆమె దాకా వచ్చింది. అన్న పరువు కోసం తాగింది. ఆ రసానికి నాలుక మొద్దుబారింది గానీ కడుపులో మంట మొద్దుబారలేదు.

నెల తిరక్కముందే ఆమె వదులుకున్న మూలలోనే ఇసికేలి పెళ్ళాం బల్ల వేసింది. అదే వరండా మెట్ల మీద ఉనైసి ఉడికిన కర్రపెండలం అమ్ముకుంటోంది. ఒక పొద్దున మిషను మొండికేసింది. ఎదురుగా పదిమంది వరుస. పెళ్ళానికి సాయమొచ్చిన ఇసికేలి దాని వీపు చరుస్తూ చెమటలు కక్కాడు.

"అక్కా, ఒక్కసారి రావూ! దీన్నెలా కదిపేదానివి? మనలో మనకేముంది, చిప్ప తాగేశావుగా!"

"క్షమించమన్నారు, తాగాను. పని నేర్పమని ఎవరూ చిప్ప పట్టలేదు" అంది ఉనైసి.

వరుసలో ఎవరో నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. వెనక మిషను మూలుగుతోంది. ఆమె మోకాలు దానంతటదే పైకి లేచింది. రెండు చేతులతో ఆ మోకాలిని అదిమిపట్టుకుని కూర్చుంది.