వరస కలిపి అడగడం

నాకు నోరెక్కువని మా అమ్మ తిట్టేది. ఆ నోరే గార్లదిన్నె దగ్గరి విత్తనాల గోదాములో పన్నెండు మంది ఆడవాళ్ళకు నన్ను వకీలును చేసింది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు, పెళ్ళయి ఒక కూతురు. మిషను ఒలిచిన వేరుశనగ గింజలను చేటల్లో పోసుకుని, పుచ్చువి, పగిలినవి తీసేసి, మంచివి మూటకెత్తడం మా పని. సాయంత్రం మేస్త్రీ ఒక్కో మూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు గింజలు తీసి, తెల్లగుడ్డ మీద పరిచి చూసేవాడు.

మేస్త్రీది బుక్కరాయసముద్రం. నలభై దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. తక్కినవాళ్ళంతా ఆయన్ను అన్నా అనేవాళ్ళు. అన్నా అంటే మర్యాద దక్కుతుంది గానీ పని జరగదని మొదటి వారంలోనే నాకు తెలిసిపోయింది. మావి మేనరికాల ఊళ్ళు. బావ వరస కలిపితే చాలు, ఎంత సరసమైనా చెల్లిపోతుంది. ఒకరోజు నేను కలిపాను.

"ఏం బావా, ఈపొద్దు మొగం కళకళలాడుతాండాది. ఆ ఫ్యాను రవంత ఇట్ల తిప్పితే నిన్ను సల్లగా చూసుకుంటాం కదా."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఫ్యాను మా వైపు తిరిగింది. తర్వాత టీ రెండుసార్లయింది. బిడ్డకు జ్వరమొచ్చిన వాళ్ళకు గంట ముందే సెలవు దొరికింది. ఏది కావాలన్నా అందరూ నన్నే ముందుకు తోసేవాళ్ళు. నేను కొంగు సర్దుకుని, ఓరగా చూసి, ఒక నవ్వు నవ్వి పని చక్కబెట్టుకొచ్చేదాన్ని. నాకది ఆట. ఇంట్లో మా ఆయనకు చెప్పి ఆయన్నీ నవ్వించేదాన్ని.

మేస్త్రీ మాత్రం ఇస్త్రీ చొక్కాలు తొడగడం మొదలుపెట్టాడు. శనివారాల్లో ఉగ్గాని, బజ్జీలు తెచ్చి అందరికీ పంచేవాడు. నాకు మాత్రం ఒక బజ్జీ ఎక్కువ పడేది. అది చూసి గర్వపడేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

మాలో అందరికన్నా పెద్దామెను అవ్వా అనేవాళ్ళం. తల్లి లేని మనవరాలిని ఆమె కూలి చేసి సాకుతోంది. ఆ ఏడు అవ్వ కళ్ళు మసకబారాయి. పుచ్చు గింజేదో మంచి గింజేదో తెలియడం లేదు. అయినా ఆమె మూటను మేస్త్రీ ఏమీ అనకుండా దాటేసేవాడు. అదంతా నా నవ్వు మహిమే అనుకున్నాను. ఇంతలో గోదాము సొంతదారు సావుకారు ఫోన్ చేశాడు. సోమవారం వచ్చి మూటలన్నీ తానే చూస్తాడట, గింజ బాగాలేని వాళ్ళను మాన్పిస్తాడట.

శనివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరూ నా మీద పడ్డారు. "పో మే, నీ బావకు చెప్పు. అవ్వ మూట సావుకారు కంట్లో పడకుండా చూడమను."

"చూస్తాడు లే. అవసరమొస్తే వసుదేవుడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడంట. నేను ఈ గాడిదను బావా అనలేనా?" అన్నాను.

అందరూ విరగబడి నవ్వారు. నవ్వు ఆగాక చూస్తే, వాకిట్లో బజ్జీల పొట్లంతో మేస్త్రీ నిలబడి ఉన్నాడు. పొట్లం గడప పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు బజ్జీలు ఎవరూ ముట్టలేదు.

అవ్వ కూలి నా నోటి వల్ల పోయిందనుకున్నాను. సాయంత్రం అందరూ ఆటో ఎక్కారు, నేను మాత్రం వెనక్కి వచ్చాను. మేస్త్రీ గోదాములో నేల మీద కూర్చుని గింజలు ఏరుతున్నాడు. పక్కన మూతి విప్పిన మూట ఒకటుంది. ఎవరి మూటకు వాళ్ళు పాత చీర పేలిక గుర్తు కట్టుకునేవాళ్ళం. ఆ మూటకున్నది అవ్వ పచ్చ పేలిక.

"బావా, ఆ మాట..." అన్నాను.

"అన్నా అనమ్మా," అన్నాడు తలెత్తకుండా. "అదే బాగుంటాది."

"తప్పయిందన్నా. కోపముంటే నన్ను మాన్పించు. అవ్వను వద్దు."

"అవ్వనెందుకు మాన్పిస్తా? ఉగాది ముందు నుంచి దినామూ ఈ మూట నేనే మళ్ళీ ఏరుతాండా. నువ్వు నవ్వినావని కాదులే. నువ్వు నవ్వకున్నా ఏరేవాణ్ణే."

నాకు ఏడుపొచ్చింది. ఇన్ని నెలలూ ఆ మనిషి మంచితనాన్ని నా తెలివిగా చెప్పుకుని తిరిగాను. ఎదురుగా కూర్చుని నేనూ ఏరడం మొదలుపెట్టాను. అవ్వ మూట అయిపోయాక ఆయన లేచి ఇంకో మూట లాక్కొచ్చి విప్పాడు. దానికి నా ఎర్ర పేలిక ఉంది.

"ఇది నాది కదన్నా?"

"నీదే. అవ్వది అయినాంక దినామూ ఇది ఏరతా," అన్నాడు. "నువ్వు నవ్వుతా, మాట్లాడతా ఏరతావు. అవ్వ మూట కన్నా నీదాంట్లోనే పుచ్చులు ఎక్కువ."