ఆయమ్మ లేచే తీరు

క్రెష్‌లో పిల్లల్ని చూసుకునే ఆయమ్మ నేలమీంచి ఒక్కసారిగా లేవదు. ముందు మోకాలు, తరువాత కిటికీ ఊచ, ఆపైన కళ్ళు మూసుకుని ఓ కూనిరాగం. కళ్ళముందు చీకట్లు విడిపోయేదాకా ఆ రాగం ఆగదు. పిల్లల కోసమే పాడుతోందని తల్లులు మురిసిపోతారు. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిందే ఆమె తిండి. ఇవాళ అదీ మిగల్లేదు.

"తిండి మానితే కళ్ళు తిరగవూ? పొద్దున్నుంచి ఏం తిన్నావక్కా?" అంది క్రెష్ వంటమనిషి.

"టీ తాగాగా! నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అంటూనే, ఏడుస్తున్న రెండేళ్ళవాణ్ణి ఎత్తుకుని గబుక్కున లేచింది. గది గిర్రున తిరిగింది. ఊచ కోసం చాచిన చేతికి గాలే దొరికింది. బిడ్డను గుండెకు అదుముకుని, గోడకు వీపు రాసుకుంటూ జారి కూలబడింది. ఒళ్ళంతా చెమట. వాడు మాత్రం ఏడుపు మాని, కిలకిలా నవ్వి చప్పట్లు కొట్టాడు.

"ఆయమ్మా, మళ్ళీ!"